నెల ముందా, రోజు ముందా

ఆ రోజుకు హవల్దార్ మునికృష్ణ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి ఇడ్లీలు తినాలి. తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి. పదింటికి చిత్తూరులో మామగారి బెల్లం మండీకి వెళ్ళి, కొత్తగా కొన్న కంప్యూటరు స్విచ్ నొక్కాలి. ఆ తర్వాత చప్పట్లు, కాఫీ, భోజనం, కునుకు. ఇరవై రోజుల సెలవు మీద వచ్చిన సిపాయికి ఇంతకంటే కష్టమైన పని ఎవరూ చెప్పకూడదు.

మామగారు గంగాధరం మాత్రం దాన్ని చిన్న పని అనుకోలేదు. తిరుపతిలో ఫ్లెక్సీ కొట్టించుకొచ్చి మండీ గుమ్మానికి కట్టించాడు. అందులో అల్లుడి ఫొటో, తల వెనక యుద్ధవిమానం, కింద 'మిలిటరీ కంప్యూటర్ నిపుణులు' అని బంగారు రంగు అక్షరాలు. విమానానికీ మునికృష్ణకూ ఏం సంబంధమని ఎవరూ అడగలేదు. అడగనప్పుడు చెప్పడం మర్యాద కాదని మునికృష్ణ కూడా ఊరుకున్నాడు.

నిజానికి అతను గుమాస్తా. ఉత్తరాదిన ఒక కంటోన్మెంటులో, ఒక యూనిట్ ఆఫీసులో, ఒక పాత కంప్యూటరు ముందు కూర్చుంటాడు. ఆ కంప్యూటరు 2002లో వచ్చింది. నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. తెర కుడివైపు సగం ఎప్పుడో పోయింది కాబట్టి ఏ వాక్యమైనా సగమే కనిపిస్తుంది. లోపలి బ్యాటరీ చచ్చిపోయి ఎనిమిదేళ్ళయింది. అందువల్ల కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ మిషన్ తనకేమీ తెలియనట్టు 2002 జనవరి ఒకటో తేదీకి వెళ్ళిపోతుంది. రోజూ పొద్దున దానికి ఈ రోజేమిటో చెప్పాలి. ముందు నెల, తర్వాత రోజు, ఆ తర్వాత సంవత్సరం. ఆ పైన అది సెలవు చీటీలు, హాజరు పట్టీలు, అన్నీ దానంతటదే తయారుచేసి గరగరమని ప్రింటు కొడుతుంది.

మునికృష్ణ విద్య మొత్తం అంతే. కానీ ఆ మాట అతను ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే తలుపు దగ్గరగా వేసుకుని, ఏడు రహస్య కమాండ్లు కొట్టాలని చెప్పి, పావుగంట తర్వాత చెమట తుడుచుకుంటూ బయటికొచ్చేవాడు. ఆఫీసర్లు కూడా "మునికృష్ణ లేకపోతే ఆఫీసు లేదు" అనేవారు. రెండో గుమాస్తా, హోదాలో ఒక మెట్టు కింద ఉండే నాయక్ బాలసుబ్రమణ్యం, కుప్పం వైపు మనిషి, అంటే అతని జిల్లావాడే. నేర్పమని నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ మునికృష్ణ "అది అట్లా వచ్చే విద్య కాదప్పా" అన్నాడు. సెలవు మీద బయల్దేరేటప్పుడు మాత్రం, "నేనొచ్చేదాకా దాన్ని ఆర్పొద్దు, చాలు" అని చెప్పి రైలెక్కాడు.

పదింటికి మండీలో పదిహేను మంది వ్యాపారులు కూర్చున్నారు. కంప్యూటరుకు బొట్టు పెట్టి, పూలదండ వేశారు. గంగాధరం గొంతు సవరించుకున్నాడు. మునికృష్ణ స్విచ్ వైపు వేలు చాపాడు. అప్పుడే గుమ్మంలో హెడ్ కానిస్టేబుల్ షాకిర్ కనిపించాడు.

"ఈడ మునికృష్ణ అంటే ఎవరప్పా?" అన్నాడు.

"ఆయనే మా అల్లుడు. రండి సార్, కూర్చోండి. మీరు కూడా వచ్చినారు, శానా సంతోషం" అన్నాడు గంగాధరం, కుర్చీ చూపిస్తూ.

షాకిర్ కూర్చోలేదు. ఫ్లెక్సీ వైపు ఒకసారి, మనిషి వైపు ఒకసారి చూసి, జేబులోంచి కాగితం తీశాడు. "మీ యూనిట్ నుంచి రాత్రి ఫ్యాక్స్ వచ్చిండాది. సెలవు మీద వచ్చి తిరిగి పోకుండా డెబ్బై అయిదు రోజులుగా పరారీలో ఉండావంట. పట్టుకుని అప్పజెప్పమని రాసిండారు."

మునికృష్ణ కాగితం లాక్కుని చూశాడు. తేదీ జూన్ మూడు అని ఉంది.

"సార్, ఈరోజు మార్చి ఏడు! జూన్ ఇంకా రానేలేదు! నా సెలవు ఇరవయ్యో తేదీ దాకా ఉండాది!"

"అది నేనూ సూసినాను" అన్నాడు షాకిర్ శాంతంగా. "మామూలుగా గవర్నమెంటు కాయితం మూడు నెల్లు లేటుగా వస్తాది. ఇది మూడు నెల్లు ముందొచ్చింది. అంటే ఏదో శానా అర్జెంటు అని మా ఎస్సై అన్నాడు."

మునికృష్ణ పరుగున పోయి సంచిలోంచి సెలవు చీటీ తెచ్చాడు. షాకిర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, వెలుగులో పట్టి చూశాడు. "రెండూ ఒకే మిషన్‌లో కొట్టిండారు కదప్పా. దాన్ని నమ్మితే దీన్నీ నమ్మాల. నువ్వే చెప్పు, నన్నేం చేయమంటావు? మీ ఆఫీసు నుంచి ఇంకో కాయితం తెప్పించు. లేదంటే స్టేషన్‌కు రా."

వ్యాపారులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మునికృష్ణ భార్య ఐశ్వర్య హారతి పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గంగాధరం మాత్రం ధైర్యం తెచ్చుకుని, "ఒక్క ఫోన్ కొడితే అయిపోతాది. మా అల్లుడంటే ఆడ అందరికీ హడలు. స్పీకర్ పెట్టు మునికృష్ణా, అందరూ విననీ" అన్నాడు.

ఫోన్ ఎత్తింది బాలసుబ్రమణ్యం. "ఉస్తాద్, నిన్న కరెంటు పోయి మిషన్ ఆరిపోయింది. ఆన్ చేస్తే తేదీ అడిగినాది. ఆరో తేదీ, మూడో నెల అని కొట్టినాను. అంతే, గరగరమని ప్రింటు మొదలుపెట్టింది. మీతోపాటు ఇంకా పదిమంది పరారీలో ఉండారు. ఒకాయన్ని పెండ్లి పీటల మీద అడిగినారంట."

మునికృష్ణకు విషయం అర్థమైపోయింది. ఆరో తేదీ, మూడో నెలను ఆ మిషన్ ఆరో నెల, మూడో తేదీగా తీసుకుంది. కొత్తగా వచ్చిన కెప్టెన్ సాబ్ కట్టలో కాగితాలన్నిటితోపాటు వీటి మీద కూడా సంతకాలు పెట్టేశాడు. 

"దాన్ని మార్చడం ఎట్లా ఉస్తాద్? మిషన్‌లో మీరు పరారీలో ఉన్నంతసేపూ వేరే కాయితం రాదు. మీరు రోజూ ఏం చేస్తారో చెప్పండి, నేను చేస్తాను" అన్నాడు బాలసుబ్రమణ్యం.

'నెల ముందు కొట్టు' అంటే సరిపోయేది. రెండు ముక్కలు. కానీ పదిహేను మంది వ్యాపారులు చెవులు రిక్కించి వింటున్నారు. తల పైన ఫ్లెక్సీలో యుద్ధవిమానం ఎగురుతోంది. ఇంతేనా నీ పని అని మామగారు అనుకుంటే? మునికృష్ణ గొంతు పెంచాడు.

"సూడు బాలసుబ్రమణ్యం. సిస్టమ్‌ను పూర్తిగా షట్‌డౌన్ చెయ్. పవర్ ఐసొలేట్ చెయ్. మూడు నిమిషాలు కూలింగ్ ఇచ్చి రీబూట్ చెయ్. ఏమడిగినా ఎంటర్ కొట్టుకుంటా పో. నా పేరు మీద రిపోర్ట్ అడుగు. ఏ కాయితం వస్తే అది సాబ్ దగ్గర సంతకం పెట్టించి, వెంటనే ఫొటో తీసి ఈ సార్ నంబరుకు పంపు."

వ్యాపారుల్లో ఒకాయన మెచ్చుకోలుగా తల ఊపాడు. గంగాధరం మీసం దువ్వుకున్నాడు. మునికృష్ణకు ఆ క్షణంలో హాయిగా అనిపించిందంటే ఒప్పుకోవాలి.

పది నిమిషాలకు షాకిర్ ఫోన్ మోగింది. ఆయన ఫొటో తెరిచి, కళ్ళజోడు పెట్టుకుని, నిదానంగా చదివాడు. మళ్ళీ చదివాడు. కుర్చీ లాక్కుని ఈసారి కూర్చున్నాడు.

"పరారీ కేసు తీసేసిండారు."

"నేను చెప్పలే!" అన్నాడు గంగాధరం.

"అట్లాంటి మనిషే వాళ్ళ యూనిట్‌లో లేడని రాసిండారు."

మిషన్ చెప్పింది అబద్ధమేమీ కాదు. గొప్పల ఊపులో మునికృష్ణ తేదీ సంగతే మర్చిపోయాడు; తేదీ అడిగినప్పుడు కూడా ఎంటరే కొట్టేసరికి అది హాయిగా 2002కి వెళ్ళిపోయింది. మునికృష్ణ ఫౌజులో చేరింది 2008లో. 2002లో ఇంకా పలమనేరులో తొమ్మిదో తరగతి కూడా కాని పిల్లవాడి గురించి, అడిగితే లేడనే కదా చెబుతుంది? కెప్టెన్ సాబ్ దాని మీద కూడా సంతకం పెట్టాడు.

"ఇంతసేపూ పారిపోయిన సిపాయి అనుకున్నాను. అసలు సిపాయే కాదంట. దొంగ మిలిటరీ వేషమంటే సెక్షన్లు వేరే ఉండాయప్పా" అన్నాడు షాకిర్ బాధగా.

గంగాధరం మొహంలో నెత్తురు లేదు. "పన్నెండేండ్లు అల్లుడని ఇంట్లో పెట్టుకున్నానే. మరి నువ్వు ఏటా యాడికి పోతా ఉన్నావు మునికృష్ణా?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, అదే మునికృష్ణను నిలువునా కోసేసింది. మునికృష్ణ మళ్ళీ ఫోన్ చేశాడు. సాబ్ పరేడ్‌కు వెళ్ళాడనీ, తర్వాతేం చేయాలో తెలియడం లేదనీ బాలసుబ్రమణ్యం చెప్పాడు. వ్యాపారులు ఇంకా వింటూనే ఉన్నారు కాబట్టి మునికృష్ణ ఈసారీ నెల మాట ఎత్తలేదు.

చిత్తూరు చుట్టుపక్కల కాగితాలు తేల్చలేని తగువు చివరికి కాణిపాకం చేరుతుంది. వరసిద్ధి వినాయకుడి ఎదుట ప్రమాణం చేసి అబద్ధం ఆడే ధైర్యం ఆ నేల మీద పుట్టినవాడికి ఉండదు. ఆ మాట అన్నది గంగాధరమే. "ప్రమాణం చెయ్యి. నేను నమ్ముతాను. మీరేమంటారు సార్?"

"అట్లనే కానీ. కాణిపాకం పోతే మాకు సగం పని తగ్గుతాది" అన్నాడు షాకిర్.

నలుగురు వ్యాపారులను వెంటబెట్టుకుని రెండు ఆటోల్లో బయల్దేరారు. గుడి దగ్గర క్యూ రెండు గంటలుంది. షాకిర్‌కు డ్యూటీ ఉంది, వ్యాపారులకు మండీ ఉంది. గోపురానికి ఎదురుగా నిలబడి చెప్పినా స్వామికి వినబడుతుందని గంగాధరం తేల్చాడు. మునికృష్ణ నెత్తి మీద రెండు బిందెల నీళ్ళు పోశారు. ఇస్త్రీ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. అరచేతిలో కర్పూరం వెలిగించారు. దర్శనానికి వచ్చినవాళ్ళు యాభై మంది చుట్టూ చేరారు. షాకిర్ ఫోన్ పైకెత్తి, "మీ ఆఫీసాయన లైన్లో ఉండాడు. ఆయన కూడా వింటాడు" అన్నాడు.

గంగాధరం ఒక్కొక్క మాటే చెప్పించాడు. "నేను మిలిటరీలోనే ఉండాను అను."

"నేను మిలిటరీలోనే ఉండాను."

"పారిపోయి రాలేదు అను."

"పారిపోయి రాలేదు."

గంగాధరం ఊపిరి పీల్చుకున్నాడు. ఐశ్వర్య కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇంకొక్క మాట. ఇందులో నా తప్పేమీ లేదు, అంతా ఆ మిషన్‌దే అను. అయిపోతాది, పోదాం."

మునికృష్ణ నోరు తెరిచాడు. కర్పూరం చేతిని కాలుస్తోంది. గోపురం వైపు చూడలేక నేల చూశాడు.

"ఆ మాట అనలేను మామా."

"ఏమి?"

"నెల ముందు కొట్టాల. రోజు తర్వాత. అంతే. ఆ మిషన్‌కు కావాల్సింది అంతే. ఏడు కమాండ్లు అనేది నేను కల్పించినాను. మండీలో చెప్పిన ఐసొలేట్, కూలింగ్, అదంతా ఉత్తదే. మీ అందరి ముందర తేదీ కొట్టేవాణ్ణని చెప్పడానికి సిగ్గేసింది. వాచీల అంగడిలో బిళ్ల బ్యాటరీ దొరుకుతాది. అది వేస్తే మిషన్ తేదీ మర్చిపోదు. ఎనిమిదేండ్లుగా నాకు తెలుసు. వేస్తే ఇంక నన్నెవరు పిలుస్తారని వేయలేదు. నేర్పమన్నవాడికి నేర్పలేదు. నా వల్ల పదిమందికి పరువు పోయింది."

గుంపులో ఒక ముసలామె, "పాపం, ఏం చేసినాడమ్మా?" అని పక్కామెను అడిగింది. "తేదీ రాసేవాడంట" అంది పక్కామె.

ఫోన్‌లోంచి బాలసుబ్రమణ్యం గొంతు వినబడింది. "నెల ముందా ఉస్తాద్? అంతేనా?"

అందులో ఎగతాళి ఉన్నా బాగుండేది. నిజంగా ఆశ్చర్యమే ఉంది. ఎనిమిదేళ్ళు తలుపు దగ్గరగా వేసుకుని చెమట తుడుచుకున్న మనిషికి ఆ ఒక్క మాటతో భూమిలోకి పోదామనిపించింది.

పరేడ్ నుంచి సాబ్ రాగానే ఫొటో వచ్చింది. హవల్దార్ మునికృష్ణ మా మనిషే, ఇరవయ్యో తేదీ దాకా సెలవులో ఉన్నాడు, ముందు పంపిన కాగితాలు రద్దు. షాకిర్ చదివి, "కాయితం సరిగ్గా ఉండాది. నేనింక పోతాను" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. వ్యాపారులు ఒక ఆటోలో ఎక్కారు. అందులో చోటున్నా ఎవరూ మునికృష్ణను పిలవలేదు.

తిరుగుదారిలో ఐశ్వర్య ఒక్కటే అడిగింది. "ఆ బిళ్ల మన చిత్తూరులో కూడా దొరుకుతాదా?"

"దొరుకుతాది."

మండీకి చేరేసరికి ముహూర్తం దాటిపోతోందని కంప్యూటరును ఎవరో అప్పటికే ఆన్ చేసేశారు. గంగాధరం నిచ్చెన తెప్పించి, ఫ్లెక్సీని తనే మెల్లగా విప్పి మడత పెట్టాడు. అల్లుడితో ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండునని మునికృష్ణ అనుకున్నాడు.

సాయంత్రం అతని ఫోన్‌కు యూనిట్ నుంచి ఇంకో కాగితం వచ్చింది. మిషన్‌కు కొత్త బ్యాటరీ వేశారట. దాని బాధ్యత నాయక్ బాలసుబ్రమణ్యం తీసుకున్నాడట. ఆఫీసుకు ఇబ్బందేమీ లేనందువల్ల, హవల్దార్ మునికృష్ణ ఎన్నడూ పూర్తిగా వాడుకోని సెలవును అడగకుండానే మరో ఇరవై రోజులు పొడిగిస్తున్నారట. మునికృష్ణ ఆ కాగితాన్ని గుమాస్తా కళ్ళతో మూడుసార్లు చదివాడు. ఎక్కడైనా ఒక్క తప్పు దొరక్కపోతుందా అని వెతికాడు. నంబరు సరిగ్గా ఉంది, పేరు సరిగ్గా ఉంది, సంతకం ఉంది.

తేదీ కూడా సరిగ్గానే ఉంది.