సెలవు పెట్టిన పొట్ట

సోమవారం పొద్దున్న గొర్లె పైడిరాజు నిద్ర లేచేసరికి అతని పొట్ట అప్పటికే లేచి, గళ్ళ చొక్కా తొడుక్కుని, ఎక్కడికో వెళ్ళిపోయింది. ఆ ఊళ్ళో ఇలాంటివి మామూలే. కిందటి నెల పక్కింటాయన కాలేయం చెప్పాపెట్టకుండా తీర్థయాత్రకి వెళ్ళొచ్చింది. అందుకని పైడిరాజు భార్య రమణమ్మ కంగారు పడలేదు. "చేసిన ఉప్మా మిగిలిపోద్ది కదా" అని మాత్రం అంది.

పైడిరాజు మున్సిపల్ ఆఫీసులో గుమాస్తా. బెల్టు బిగించుకుని ఆఫీసుకెళ్ళాడు. ఒళ్ళు తేలిగ్గా, హాయిగా ఉంది. ఆకలి లేదు, టీ ధ్యాస లేదు. కుర్చీలోంచి లేవకుండా పనిచేస్తుంటే పై అధికారి కృపానందం గారు వచ్చి భుజం తట్టారు.

"అందరూ నీలా పొట్ట లేకుండా వస్తే ఊరు బాగుపడుతుందయ్యా."

మధ్యాహ్నానికి తేడా తెలిసింది. రక్తం ఒళ్ళంతా తిరుగుతోంది గాని, పంచడానికి దాని దగ్గర సరుకేం లేదు. వట్టి చేతులతో వచ్చిన రక్తాన్ని చూసి వేళ్ళు పెన్ను వదిలేశాయి. గుండె ఇంకా గట్టిగా కొట్టుకుంది. దాన్ని అందుకోలేక ఊపిరితిత్తులు రొప్పాయి. మెదడు సగం దీపాలు ఆర్పేసుకుంది. ఎవరో పిలిస్తే, పైడిరాజంటే తనేనని అతనికి తట్టలేదు.

ఆఫీసు నుంచి కబురందగానే రమణమ్మ పొట్ట కోసం బజారంతా వెతికింది. పొట్ట ఇడ్లీబండి పక్కన బల్ల మీద కూలబడి ఉంది. పొద్దుట్నించీ తింటూనే ఉంది. చాలని చెప్పడానికి మెదడు లేదు, అరిగింది పట్టుకెళ్ళడానికి రక్తం లేదు.

"ఏటిలాగైపోయావు?" అంది రమణమ్మ.

"ఏటి చెయ్యను వదినా? మీ ఆయన నన్నెప్పుడైనా వేళకి పట్టించుకున్నాడా? పోనీ ఒక్కదాన్నే సుఖపడదావని వచ్చేస్తే, తిన్నది ఎవరికియ్యాలో తెలీట్లేదు. ఏడుద్దావంటే కళ్ళు ఆఫీసులో ఉన్నాయి."

"అక్కడాయన పేరు మర్చిపోయి కూచున్నాడు. పద, ఇకమీదట అన్నం నేనే తెస్తాను" అని దాన్ని కొంగు చాటున పెట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్ళింది.

పొట్ట తన చోట సర్దుకోగానే చేతులు వెచ్చబడ్డాయి. గుండె నెమ్మదించింది. పైడిరాజు రమణమ్మని గుర్తుపట్టి నవ్వాడు. ఆమెకి మాత్రం అప్పుడు కళ్ళు చెమర్చాయి.

మర్నాటి నుంచి ఇద్దరూ ఆఫీసు మెట్ల మీద కూచుని వేళకి అన్నం తింటున్నారు. ఒకరోజు కృపానందం గారు అక్కడ ఆగి, పప్పన్నం కేసి అదోలా చూశారు.

"అదృష్టవంతుడివయ్యా, నీది తిరిగొచ్చింది. నాది ఎప్పుడో వెళ్ళిపోయింది."

"ఇప్పుడెక్కడుంది సార్?"

"జిల్లా ఆఫీసులో. నా పై అధికారి అదే."

పైడిరాజు ఆశ్చర్యపోయాడు. "గుండె లేకుండా ఎలా నెట్టుకొస్తోంది సార్?"

"అక్కడ గుండె లేనివాళ్ళకే ప్రమోషన్ తొందరగా వస్తుంది."

పైడిరాజు ముద్ద మింగి, మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"వారికి నా నమస్కారాలు చెప్పండి సార్."