పాటల గద్దె దగ్గర పొగ

పాటల గద్దె చుట్టూ పెరిగిన తుమ్మకంపను మధ్యాహ్నానికల్లా కాల్చేసి, సాయంత్రం అక్కడ పాట పెట్టించాలని నేతపని చేసే రాజమల్లు పొద్దున్నే అనుకున్నాడు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. తాతలనాడు మూడూళ్ల జనం ఊరి బయటి ఆ రాతిగద్దె ముందు కూర్చుని పాట వినేవారు. రాజమల్లు తండ్రి చివరిసారి తంబూర మీటింది దానిమీదే. పన్నెండేళ్లుగా అక్కడ మేకలు తప్ప ఎవరూ గొంతెత్తలేదు.

ఆ జాగాను పటేలు రామ్‌దాస్ చెరుకుబండ్ల అడ్డాకు ఇస్తానన్నాడు. రాజమల్లు కాళ్లావేళ్లా పడితే వారం కిందట ఒక మెలిక పెట్టాడు.

"వచ్చే ఐతారం పొద్దుగూకేలోపల నూరుమంది వచ్చి కూసుంటే గద్దె మీకే. ఒక్కరు తక్కువైనా బండ్లకే."

రాజమల్లు ఇల్లిల్లూ తిరిగాడు. "చెరుకు నరుకుడు పెట్టుకున్నం, పాటకు పుర్సత్ ఏడిది?" అన్నారందరూ. వస్తానన్నది పాడే మనిషి ఒక్కతే, బాల్కొండ గంగుబాయి.

ఆ ఐతారం పచ్చి కంప ఎంతకీ అంటుకోలేదు. తోడు వచ్చిన లింబాద్రికి తెలివి కొంచెం ఎక్కువ. గానుగ దగ్గర ఎండిన చెరుకు పిప్పి రెండు మోపులు తెచ్చి మంటలో వేశాడు. పొగ ఆకాశానికి లేచింది.

ఆ సీమలో పిప్పి పొగ కనిపించిందంటే ఎవరో కొత్త బెల్లం వండుతున్నారని అర్థం. తొలి పాకం నాడు గిన్నె పట్టుకుని వచ్చినవాళ్లను ఉత్తచేతులతో పంపితే ఆ ఏడు చెరుకులో తీపి ఉండదని నమ్మకం. ఇంక ఆగుతారా? చెంబులు, గిన్నెలు, బిందెలతో ఊరంతా కదిలింది. ముందు నడిచింది భూమవ్వ, ఊళ్లో అందరికన్నా పెద్దది, అందరికన్నా పెద్ద బిందెతో.

"పాకం ఏది బిడ్డా?"

"పాకం లేదవ్వా. సాయంత్రం పాట ఉన్నది."

"పాట బిందెల పోస్తవా?"

ఇంతలో గాలి తిరిగింది. పక్కనే ఉన్న పటేలు చెరుకుతోట గట్టు మీదికి మంట ఎక్కింది. రాజమల్లుకు పైప్రాణాలు పైనే పోయాయి. "అవ్వా, బిందె" అని మాత్రం అనగలిగాడు. భూమవ్వకు రెండోమాట అక్కర్లేదు. బావి నుంచి గట్టుదాకా జనాన్ని వరుసకట్టించింది. అందరి చేతుల్లో పాత్రలు ముందే ఉన్నాయాయె. మంట చల్లారేసరికి కంపంతా బూడిదైంది. ఊపు మీదున్న జనం మరో నాలుగు బిందెలు తోడి గద్దెను కూడా కడిగేశారు. రాతిమీద చెక్కిన తామరపూలు బయటపడ్డాయి.

"మా బాపు గీడనే కూసుండేటోడు" అంటూ రాజమల్లు ఏడ్చేశాడు. అది చూశాక ఇంటికి పోదామనే మాట ఎవరి నోటా రాలేదు.

గంగుబాయి బండి దిగేసరికి గద్దె ముందు రెండువందల మంది కూర్చుని ఉన్నారు. ఆమె పాట ఎత్తుకోగానే భూమవ్వ బిందె మీద దరువేసింది. రెండో చరణానికి అందరి గిన్నెలూ మోగాయి. రాజమల్లుకు లోకం జయించినట్టుంది.

పొద్దుగూకే వేళకు బోధన్ నుంచి పటేలు వచ్చాడు. మాడిన గట్టును చూశాడు, దాని వెనక పచ్చగా నిలబడ్డ చెరుకును చూశాడు. సంగతంతా లింబాద్రి చెప్పాడు.

"లెక్క ఎందుకు తియ్" అన్నాడు పటేలు గొంతు సవరించుకుని. "గద్దె మీకే. ఏటేటా పాడుకోండ్రి."

"గది సరే గని పటేలా, శాలువ కింద ఏందది?" అంది భూమవ్వ.

పటేలు ఇత్తడి చెంబు మెల్లగా బయటికి తీశాడు. "తొవ్వల పొగ కనవడ్డది" అన్నాడు.

ఆనాటి నుంచి ఆ గద్దె దగ్గరికి జనం ఏటా గిన్నెలతోనే వస్తున్నారు. బెల్లం మాత్రం ఇంతవరకు ఎవరికీ అందలేదు.