కందకం చల్లగా ఉండాలి!

అయ్యలారా, అమ్మలారా! గల్లీని తవ్వి వదిలేసిన వాళ్లను తిట్టిపోసేవాళ్లంతా తొందరపాటు మనుషులు. సముద్రం ముఖం చూడని బీదర్‌కు ఏకంగా ఒక దీవినే ప్రసాదించిన మహానుభావులను తిట్టడానికి అసలు నోరెలా వస్తుంది? నమ్మకం లేకపోతే గురురాజ్ గారిని అడగండి. ఆ దీవికి చరిత్రకారుడూ ఆయనే, విలేకరీ ఆయనే.

గురురాజ్ గారు బట్టల వ్యాపారి. వ్యాపారికి రిటైర్మెంట్ ఎక్కడిదంటారా? ఉందండీ. ఒక రోజు దుకాణానికి వెళ్లేసరికి కొడుకు సుశీల్ గద్దె మీద కూర్చుని, "ఇగ నువ్వు ఇంట్ల ఆరాం చెయ్యి నాన్నా" అన్నాడు. అంతే, రిటైరయిపోయారు. పూలదండ లేదు, గ్రూప్ ఫొటో లేదు. ఆయనకు మిగిలినవల్లా ఒక తెలుగు పేపరు, బహమనీ సుల్తానుల చరిత్ర, ఎదుటి వరుసలో ఉండే సిద్ధప్ప.

సిద్ధప్ప బస్ కండక్టరు పని చేసి దిగిపోయిన మనిషి. పొద్దున్నే వచ్చి గురురాజ్ గారి అరుగు మీద కూర్చునేవాడు. గురురాజ్ గారు పేపరు పైకి చదివేవారు, సిద్ధప్ప చాయ్ తాగుతూ ప్రతి వార్తకూ అడ్డం పడేవాడు. ఇక బహమనీల మాటొస్తే చెప్పనే అక్కర్లేదు. ఏ సుల్తాను తర్వాత ఏ సుల్తానో తేలేలోగా చాయ్ చల్లారిపోయేది. ఆయన భార్య వసుమతి గారు గొణుక్కుంటూ మళ్లీ వేడి చేసేవారు.

అంతలో అభివృద్ధి వచ్చింది! డ్రైనేజీ పైపుల కోసం జేసీబీ దిగి, గురురాజ్ గారి వరుస ఇళ్ల చుట్టూ తవ్వేసి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. పైపులు రాలేదు. వాన మాత్రం రావలసిన టైముకు వచ్చింది. మూడు వైపులా నీళ్లు, నాలుగో వైపు ఎవరిదో గోదాం గోడ. దీన్ని దీవి అనక ఏమంటారు?

ఇప్పుడు లాభాలు చూడండి. చందాల వాళ్లు రావడం లేదు. చెప్పకుండా దిగే చుట్టాలు గట్టు దాకా వచ్చి, నీళ్ల లోతు చూసి, అక్కణ్నుంచే క్షేమం అడిగి వెనక్కి తిరుగుతున్నారు. హారన్ల మోత లేదు, కప్పల కచేరీ ఉంది. పాలవాడు ప్యాకెట్లు విసురుతుంటే పట్టీ పట్టీ కోడలు మంజుష క్రికెట్ టీముకు పనికొచ్చేలా తయారైంది. ఓట్లడిగేవాళ్లు కూడా అవతలి గట్టు నుంచే దండం పెట్టి, ఫొటో దిగి పోతున్నారు. ఇంతకన్నా సుఖం ఏ నగరంలో ఉంది?

చరిత్ర కూడా తక్కువేం కాదు. సుల్తానులు కోట చుట్టూ రాయి తొలిచి కందకం తవ్వించడానికి ఎంత జనాన్ని పెట్టారో! గురురాజ్ గారికి అదే కందకం అర్జీ కూడా పెట్టకుండా ఇంటి ముందుకు వచ్చింది. దాటడానికి ఒక చెక్క పలక వేశారు గానీ, ఆయన ఒకసారి దాని మీద జారాక వసుమతి గారు "మళ్ల గా పలక ఎక్కితే నా మీదొట్టే" అన్నారు. సిద్ధప్పకు మోకాలు ఆపరేషన్ అయింది. ఇంకేం, పొద్దుటి వాదనలు ఆగిపోయాయి. ఊరికి ఎంత శాంతి!

తీరిక దొరికిన మేధావి ఊరుకుంటాడా? గల్లీ వాట్సాప్ గ్రూపులో గురురాజ్ గారు రోజూ పొద్దున్నే "దీవి ముచ్చట" పెట్టసాగారు. ముందు వార్తలు, మధ్యలో చరిత్ర, చివర దీవి సంగతులు. ఎక్కడో సముద్రం పొంగి దీవులు మునిగిపోతున్నాయని పేపర్లో చదివి, సాటి దీవివాసిగా సానుభూతి కూడా తెలిపారు. గ్రూపులో అందరికన్నా ముందు దండం బొమ్మ పెట్టేది సిద్ధప్పే. అది చూసి గురురాజ్ గారు పొంగిపోయేవారు. అడ్డం పడని సిద్ధప్ప! ఇది కందకం మహిమ కాక మరేమిటి?

మొన్న వాన తెరపిచ్చింది. సిద్ధప్ప కర్ర పట్టుకుని అవతలి గట్టు దాకా వచ్చి నిలబడ్డాడు. గురురాజ్ గారు అరుగు మీద నుంచే కేకేశారు.

"ఏం సిద్ధప్పా! పొద్దుగాల నేను రాసింది ఎట్లుంది?"

"ఏమో గురురాజన్నా, నాకేం ఎర్క?"

"దండం పెట్టినవ్ గద!"

"పెట్టిన. గని నేను సదివింది కన్నడ సాలెల గదనే! తెలుగు మాట్లాడుడు వస్తది గని సదువుడు రాదు. మర్శినవా?"

మరిచారు. ఇన్నేళ్లూ పేపరు పైకి ఎందుకు చదువుతూ వచ్చారో ఆయనే మరిచిపోయారు. అలవాటు అంత పాతది.

"మరి దినాం దండమెందుకు పెడ్తున్నవ్‌రా?"

"పొద్దుగాల నీ మెసేజ్ వచ్చిందంటె నువ్వు మంచిగున్నవని సమజైతది. అందుకే దేవునికి దండం పెడ్తున్న."

గద్దె పోయినప్పుడు కూడా ఇంత దిగులు పడలేదు గురురాజ్ గారు. తను రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా చేరవలసిన మనిషికి చేరలేదు. అడ్డం పడే సిద్ధప్ప లేకపోతే ఏ సుల్తాను ఏమైతేనేం?

మర్నాడు దీవి ముచ్చటలో వార్తల్లేవు, చరిత్ర లేదు. దుకాణంలో బోర్డులు రాయించిన అనుభవంతో కన్నడ అక్షరాల్లో, అధికారులకు ఒక విన్నపం మాత్రం ఉంది. దాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇదీ:

"అయ్యా, మీ కందకం మాకెంతో నచ్చింది. నిండు నూరేళ్లూ ఉంచండి. మోకాలు ఆపరేషనైన ఒక్క మనిషి, చాయ్ చల్లారకముందే వచ్చి నాతో కొట్లాడి పోయేంత వెడల్పు మాత్రం పూడ్చి పెట్టండి."