నాలుగు మోడళ్ల విహారి

శనివారం పొద్దున సారమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం హైదరాబాద్ నుంచి కార్ల కంపెనీ వాళ్లు వస్తారు. టీ ఇవ్వాలి, బిస్కెట్లు పెట్టాలి, పోర్టికోలో ఏళ్ల తరబడి పాతుకుపోయిన బండిని లారీ ఎక్కించి సాగనంపాలి. చీకటి పడకముందే ఆ ఖాళీలోకి తన రెండు కుట్టుమిషన్లూ చేర్చాలి. కుట్టు టీచరుగా రిటైరైన నాటి నుంచి ఆమె మంచానికీ బీరువాకూ మధ్య ఇరుక్కుని జాకెట్లు కుడుతోంది. కొలతలివ్వడానికి ఆడవాళ్లు పడకగదిలోకి రావడం, నిద్రలో ఉన్న భర్త దుప్పటి చుట్టుకుని బయటికి పరుగెత్తడం హనుమకొండ సుబేదారి పేటలో అందరికీ తెలిసిన సంగతే.

ఆ బండి పేరు విహారి. అచ్చం డబ్బాలా ఉండే మొట్టమొదటి మోడల్. ఆమె భర్త సుందర్ రావు కరెంటాఫీసులో గుమాస్తాగా ఉన్నప్పుడు కొన్నాడు. ఆ తర్వాత కంపెనీ వాళ్లు ఊరుకోలేదు. కొన్నేళ్లకు మూలలన్నీ గుండ్రంగా చేసి, ఇనుప బంపరు తీసేసి ప్లాస్టిక్‌ది పెట్టారు. ఇంకొన్నేళ్లకు చేత్తో తిప్పే అద్దాలు బటన్ నొక్కితే దిగడం మొదలైంది. మొన్నమొన్న స్టీరింగు పక్కన టీవీలాంటి తెర వచ్చింది. వాళ్లు ఊరుకోకపోతే సుందర్ రావు మాత్రం ఎందుకు ఊరుకుంటాడు? కొత్తది కొనే స్తోమత లేదు, ఆశ చావలేదు. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా షోరూముకెళ్లి, ఒక చక్కరు కొట్టి, వాళ్లిచ్చే కాఫీ తాగి, ఇంటికొచ్చి ఓపిగ్గా ఎదురుచూసేవాడు. ఈలోగా ఎవరో ఒక పుణ్యాత్ముడు ఆ కొత్త బండిని తీసుకెళ్లి దేనికో గుద్దేవాడు. అది మెకానిక్ ఓంప్రకాశ్ షెడ్డుకు చేరగానే అందులోంచి సీటో, బంపరో, స్టీరింగో తెచ్చి తన విహారికి తగిలించేవాడు.

తీసేసిన సామాను పారేసే అలవాటు ఆ ఇంట్లో లేదు. పాత వెనక సీటు హాల్లో సోఫా అయింది. గుండ్రటి లైట్లు గేటుకెక్కాయి. ఇనుప బంపరు బాత్రూములో తువ్వాళ్ల కోసం గోడకు దిగింది. అద్దం తిప్పే పిడి వంటింటి అలమారకు పిడి అయింది. సారమ్మ అన్నిటితోనూ సర్దుకుపోయింది. ఇంకేం చేస్తుంది?

కొడుకు సందీప్ తండ్రిని ఆటపట్టిద్దామని, ఏ పార్టు ఏ మోడల్‌దో ఆయన చేతే చెప్పించి వీడియో తీసి నెట్‌లో పెట్టాడు. అది చూసి కంపెనీ నుంచి కావ్య అనే అమ్మాయి ఫోన్ చేసింది. విహారి పుట్టి నలభై ఏళ్లయిందట, ఎగ్జిబిషన్ పెడుతున్నారట, మీ బండి మాకు కావాలంది. సారమ్మ ఆ రాత్రి మోకరించి ప్రార్థన చేసింది.

అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా ఇడ్లీల వేళకు పక్కింటి కిషన్ రావు దిగాడు.

"సుందరన్నా, ఎగ్జిబిషన్ అంటే ఒరిజినల్ ఉండాలె. మా బామ్మర్ది స్కూటర్‌కు ఒక్క అద్దం వేరేదున్నదని వాపస్ పంపిన్రు. నీ బండి జూస్తే గేటు కాన్నుంచే మర్లిపోతరు!"

సుందర్ రావు చేతిలో ఇడ్లీ చేతిలోనే ఆగిపోయింది. "సారా, ఇప్పుడెట్ల?"

"ఎట్లేంది? ఒరిజినల్ సామానంత ఇంట్లనే ఉన్నది గద! ఓంప్రకాశ్‌ను పిలువుండ్రి" అంది సారమ్మ. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

ఓంప్రకాశ్ వచ్చాడు. ముందు సోఫా పోయింది. గేటు లైట్లు పీకుతుంటే ఠప్పుమని చప్పుడైంది, ఇంట్లో కరెంటు పోయింది.

"ఏందిది సందీప్ డాడీ? కరెంటాఫీసుల చేసి గిట్లేనా తీసేది?"

"నేను బిల్లుల సెక్షన్ సారా!"

తర్వాత బంపరు. దాన్ని గట్టిగా లాగితే నల్లా పైపుతో సహా ఊడి వచ్చింది. నీళ్లు బాత్రూము దాటి హాల్లోకి వచ్చాయి. సారమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని చీపురు పట్టేలోపు వంటింట్లోంచి ఓంప్రకాశ్ కేకేశాడు.

"అమ్మా, అలమార పిడి తీసిన. తలుపు వడ్డది, ఇగ వస్తలేదు."

"టీపొడి, బిస్కెట్లు అండ్లనే ఉన్నయి గదరా!"

"పిడి పెడ్తే వస్తది. కని పిడి బండికి బిగించిన గదా."

ఆ క్షణాన సారమ్మకు కిషన్ రావును ఆ అలమారలోనే పెట్టి మూసేయాలనిపించింది. ఆయన మాత్రం గోడ అవతల నిలబడి, "ఎడమ దిక్కు జర వంకర వోతాంది" అంటూ సలహాలు పారేస్తున్నాడు.

మధ్యాహ్నానికి విహారి పుట్టినప్పటి రూపానికి వచ్చింది. పీకిన కొత్త సామానంతా పోర్టికోలో ఓ మూల కుప్పగా పడింది. సుందర్ రావు ఆ తెరను చేత్తో తుడుస్తూ, "ఇవిట్లనే ఉంచుదాం సారా. ఎన్నడన్న పనికొస్తయి" అని, ముస్తాబు కావడానికి లోపలికి పోయాడు.

సారమ్మ ఆ కుప్ప వంక చూసింది. బండి పోయినా కుప్ప ఉంటుందన్నమాట! మిషన్లు మళ్లీ మంచం పక్కనే. సరిగ్గా అప్పుడే పాత సామాన్ల బండి మైకులో అరుచుకుంటూ వీధిలోకి వచ్చింది. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. సీట్లు, బంపర్లు, స్టీరింగు, తెర, సమస్తం ఎక్కించి, బదులుగా ఒక నీలం రంగు టబ్బు తీసుకుంది. హాల్లో నీళ్లెత్తిపోయడానికి ఎలాగూ కావాలి.

లారీతో పాటు కావ్య దిగింది. బండి చుట్టూ తిరిగింది. మొహం చిన్నబోయింది.

"అంకుల్, వీడియోలో చూపించిన బండి ఏదండీ?"

"ఇదేనమ్మా! పక్కా ఒరిజినల్ జేయించిన!"

"ఒరిజినల్‌వి మా ఫ్యాక్టరీలో వరసగా నిలబెట్టి ఉన్నాయి అంకుల్. నలభై ఏళ్లలో విహారి ఎలా మారిందో ఒక్క బండిలోనే కనిపిస్తుందని కదా ఇంత దూరం వచ్చాం! ఆ పార్టులు ఉన్నాయా? బిగిస్తే ఇప్పుడే తీసుకెళ్తాం."

సుందర్ రావు ముఖం వెలిగిపోయింది. "ఎందుకు లెవ్వు? గీ మూలకే..." అంటూ తిరిగి చూశాడు. మూల శుభ్రంగా ఊడ్చి ఉంది. సారమ్మ టబ్బును కొంగుచాటున దాచబోయింది గానీ, అది దాగేంత టబ్బు కాదు.

ఓంప్రకాశ్ మోటార్ సైకిల్ మీద హనుమకొండ అంతా గాలించి వచ్చాడు. "పాత సామాన్లోడు దొరికిండమ్మా. కని అప్పటికే సీట్లు చింపి, మిగిలినయి పలగొట్టి లారీల ఏసిండు."

కంపెనీ లారీ ఖాళీగానే వెళ్లిపోయింది. కిషన్ రావు గోడ దగ్గర్నుంచి మెల్లగా మాయమయ్యాడు. సారమ్మకు ఏడుపొచ్చింది. ఎవరినీ అనడానికి లేదు, అమ్మింది తనే. ఇంట్లో కూర్చుని ఏడుద్దామన్నా పొడి జాగా లేదు. వెళ్లి ఆ కారులోనే వెనక సీట్లో కూలబడింది.

సుందర్ రావు వచ్చి పక్కన కూర్చున్నాడు. పాపం, ఆయనకు కోపం రాలేదు. కొంచెం ఉత్సాహంగా కూడా ఉన్నాడు.

"ఫికర్ జెయ్యకు సారా. పదేండ్లకు యాభై ఏండ్ల పండుగ జేస్తరట. ఆ పిల్ల నా నంబరు తీసుకున్నది. అప్పటిదాంక ఒక్కొక్కటి మళ్ల మారుస్త. మస్తు టైమున్నది."

వచ్చే క్రిస్మస్‌కు సారమ్మకు డెబ్బై నిండుతాయి.