సావిత్రి పేర్చిన రాళ్ళు

శుక్రవారం పొద్దున్నే కంపెనీ వాళ్ళందరితో కలిసి దుఖాన్ కొండల మీద పన్నెండు కిలోమీటర్లు నడవాలని, ఆ నడకలోనే సందు చూసుకుని మేనేజరు చెవిన విల్లా మాట వేయాలని సుధాకరరావు పథకం. అది 1996 జనవరి కాబట్టి ఎండ భయం లేదు. దోహాలో కంపెనీ విల్లా ఒకటి ఖాళీ అయింది. ఒకే పడకగది ఫ్లాటులో ఇద్దరు పిల్లలతో ఆరేళ్ళుగా సర్దుకుంటున్న సావిత్రికి దాని మీద తప్ప మరి దేని మీదా ధ్యాస లేదు. స్టోర్సు శేషాచలం కూడా దాని మీదే కన్నేశాడు. కానీ ఆయన మోకాళ్ళ నొప్పులని బస్సు దిగలేదు.

ఆ కొండలు పెద్దవేమీ కావు. మన వైపైతే గుట్టలనడానికి కూడా మొహమాటపడతారు. మేనేజరు గ్రాహానికి మాత్రం అవంటే ప్రాణం. వారం ముందే వచ్చి, దారి పొడుగునా మూడేసి రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి, రాళ్ళున్న వైపే నడవమని సర్క్యులర్ పంపాడు. అందరూ ముందు నడవాలి, వెనకబడ్డవాళ్ళను ఏరుకుంటూ తాను చివర వస్తాడు. సర్క్యులర్ సుధాకరరావు జేబులో భద్రంగా ఉంది. అందులో ఏముందో భార్యకు చెప్పాలని మాత్రం ఆయనకు తోచలేదు.

కొడుకు భరణితో ఆయన ముందు నడిచాడు. వెనక కూతురితో వస్తున్న సావిత్రి మొదటి రాళ్ళు చూడగానే ఆగిపోయింది. తిరుమల మెట్ల దారిలో సొంతిల్లు కావాలని అలా రాళ్ళు పేర్చేవాళ్ళను ఆవిడ ఎందరిని చూడలేదు!

"చూశావా అమ్మూ! మనకంటే ముందే ఎవరో ఇల్లడిగేశారు!"

"ఇక్కడ దేవుడెక్కడున్నాడమ్మా?"

"దేవుడు లేని చోటుంటుందా? రాళ్ళేరు!"

నలుగురి కంటా పడితే దిష్టి తగులుతుందని దారి వదిలి, బండల చాటున మూడు రాళ్ళు పేర్చింది. వంటింటికి మూడు, పిల్లల గదికి మూడు. అలా పేర్చుకుంటూ, మధ్యలో నారింజలు ఒలిచి పెట్టి, ఒక ముళ్ళచెట్టు దాకా పోయి పులిహోర డబ్బా మూత తీసింది. అంతలో దూరం నుంచి భర్త కేకలు వినబడ్డాయి. డబ్బా, నీళ్ళ సీసా అక్కడే వదిలేసి పరుగెత్తింది.

భార్యను చేరుకున్న సుధాకరరావు ఇక రాళ్ళను నమ్ముకుని నడిచాడు. అరగంటకు నారింజ తొక్కలు కనిపించాయి. మరో అరగంట నడిచాడు. మళ్ళీ అవే తొక్కలు.

"ఈ కొండకు పిచ్చెక్కిందా, నాకా?" అన్నాడు.

అప్పుడే నీళ్ళ క్యాను మోస్తూ సైటు మేస్త్రీ లింబాద్రి వచ్చాడు.

"ఎవ్వలో రాళ్ళు వెట్టి ఇల్లడిగిండ్రని నేను గూడ పదిహేను జాగల పెట్టిన సార్. మా కొండగట్టుల గూడ గిట్లనే పెడ్తరు. ఊర్ల మా రేకుల ఇల్లు పడిపోయేటట్టున్నది."

"ఎవరో కాదు లింబాద్రీ, నేనే" అంది సావిత్రి గర్వంగా.

సుధాకరరావు జేబులోంచి సర్క్యులర్ తీసి చదివి వినిపించాడు. సావిత్రి ముఖం పాలిపోయింది. వెనక వచ్చే గ్రాహం ఈ రాళ్ళు పట్టుకుని ఎక్కడ తేలాడో! విల్లా సంగతి సరే, ఉద్యోగం మిగిలితే అదే పదివేలు.

"యల్లా సార్, ఎతుకుదాం పాండ్రి" అన్నాడు లింబాద్రి.

రెండు గంటలు వెతికారు. చివరికి ముళ్ళచెట్టు కింద గ్రాహం దొరికాడు. పులిహోర డబ్బా అడుగు గీకుతున్నాడు. తన రాళ్ళు తనకే కనబడక మొదటి గంటలోనే దారి తప్పాడట. అదృష్టం కొద్దీ ఈ కొత్త రాళ్ళు దొరికాయి, వాటి చివర నీళ్ళూ భోజనమూ దొరికాయి. ఇంత ముందుచూపు ఎవరిదని అడిగాడు.

సావిత్రి నోరు తెరిచేలోగా, "నాదే సార్" అన్నాడు సుధాకరరావు. గ్రాహం కౌగలించుకున్నాడు. సావిత్రి కళ్ళు తుడుచుకుంది.

శనివారం ఆర్డరు వచ్చింది. ఇక మీదట ప్రతి శుక్రవారం నడకకు సుధాకరరావే ఇన్‌ఛార్జి. అందుకు వీలుగా దుఖాన్ కొండల కిందనున్న సైటుకు బదిలీ, అక్కడే మూడు పడకగదుల ఇల్లు. దోహా విల్లా బస్సు దిగని శేషాచలానికి వెళ్ళింది.

సావిత్రి కొత్త ఇంటి కిటికీ తెరిచింది. కనుచూపు మేర రాళ్ళే.

"ఇదేమిటండీ?" అంది నీరసంగా.

పాపం, దేవుడు లోటేమీ చేయలేదు, ఆవిడే అడ్రసు చెప్పలేదు.