కాష్కాకి వేన్నీళ్లు

సాదిర్‌కుల్‌కి గొప్ప ఆలోచనలన్నీ టీ తాగుతున్నప్పుడే వస్తాయి. అందుకే ఆయన చేతిలో టీ గిన్నె కనబడితే చాలు, భార్య బురుల్చాకి గుండె దడ పట్టుకుంటుంది.

ఆ ఉదయం నారిన్ కొండల చలికి మీసాలు గడ్డకడుతున్నాయి. బురుల్చా వేన్నీళ్లు బకెట్లో పోసి, ఉడికిన బంగాళాదుంప తొక్కలు కలిపి కొట్టం వైపు బయల్దేరింది.

"ఎవరికే అవి?" టీ గిన్నె పట్టుకుని అడిగాడు సాదిర్‌కుల్.

"ఇంకెవరికి, కాష్కాకి."

"ఆవుకి వేన్నీళ్లా! మా నాన్న ఎనభై ఏళ్లూ ఏటి మంచు పగలగొట్టుకుని ఆ నీళ్లే తాగాడు."

"తాగాడు. పాలిచ్చాడా?"

అనేసి ఆమె కొట్టంలోకి వెళ్లిపోయింది. కానీ ఆయన మనసులో ఆలోచన కూర్చుండిపోయింది. ఏటి నీళ్లు పోస్తే పిడకలు మిగులుతాయి. ఎండుగడ్డిలో సగం గోధుమ పొట్టు కలిపితే గడ్డివాము వసంతం దాకా వస్తుంది. ఇన్నాళ్లూ ఈ ముక్క ఎవరికీ ఎందుకు తట్టలేదో ఆయనకి అంతుపట్టలేదు.

అవకాశం బుధవారమే వచ్చింది. చెల్లెలి మనవణ్ణి ఉయ్యాలలో వేసే వేడుకకి బురుల్చా పక్క ఊరు ప్రయాణమైంది.

"పాలు పిండేటప్పుడు నా కోటు వేసుకుని, నా రుమాలు కట్టుకో. లేకపోతే దగ్గరికి రానివ్వదు. శుక్రవారం వియ్యంకుడు వస్తున్నాడు, గుర్తుందా? మీగడ లేని టీ పోశామంటే మన పిల్ల అత్తింట్లో తలెత్తుకోలేదు."

"నువ్వు నిశ్చింతగా వెళ్లవే," అన్నాడు సాదిర్‌కుల్. అంత ఉదారంగా ఆయన మాట్లాడటం పెళ్లయ్యాక అదే మొదలు.

ఏటి నీళ్లు పెడితే కాష్కా రెండుసార్లు నాకి మొహం తిప్పేసుకుంది. నీళ్లు కూడా మిగిలాయని ఆయన పొంగిపోయాడు. పొట్టు వేస్తే ఊదేసి, కింద ఉన్న గడ్డి మాత్రం తిని, ఆయన వైపు అదోలా చూసింది. ఆ చూపు అచ్చం బురుల్చాదే.

బుధవారం సాయంత్రం బకెట్ నిండా పాలు. గురువారం సగం. శుక్రవారం పొద్దున ఆడకోటు, పూల రుమాలుతో చెమటలు కక్కుతూ పిండితే టీ గిన్నెడు వచ్చాయి. వాటిలో మీగడ కట్టాలంటే పై ఏడాది దాకా ఆగాలి.

 సాదిర్‌కుల్‌కి కూతురి మొహం కళ్లముందు మెదిలింది. పరుగున వెళ్లి వేన్నీళ్లు తెచ్చాడు, మంచి గడ్డి తెచ్చాడు, ఆవు మెడ వాటేసుకున్నాడు.

"తప్పయిపోయింది తల్లీ! బుద్ధి గడ్డి తిని నీకు పొట్టు పెట్టాను. ఇకనుంచి రోజూ నేనే వేన్నీళ్లు మోస్తాను, నేనే కొట్టం ఊడుస్తాను. ఈ ఒక్క పూట నా పరువు కాపాడవే!"

"మోస్తారుగా, బావగారూ?"

వెనక్కి తిరిగితే గుమ్మంలో వియ్యంకుడు జపార్. దారిలో ఆయన బండెక్కి వచ్చిన బురుల్చా, పక్కనే.

"ఇంకో వియ్యపురాలు కూడా ఉందేమో అనుకుని దణ్ణం పెట్టబోయాను. ఇంతలో గడ్డం కనబడింది," అన్నాడు జపార్.

"అన్నయ్యగారూ, మాట విన్నారుగా. దీవించండి," అంది బురుల్చా.

జపార్ చటుక్కున అరచేతులు పైకెత్తాడు. "మా బావగారి మాట నిలబడుగాక, కొట్టం పాలతో నిండుగాక, ఓమీన్!" పెద్దవాళ్లు దీవించాక మాట తప్పినవాడు ఆ ఊళ్లో ఇంతవరకూ లేడు. పూల రుమాలుతోనే సాదిర్‌కుల్ కూడా అరచేతులతో మొహం తడుముకున్నాడు.

లోపల, బురుల్చా చల్లటి గూట్లోంచి గిన్నెడు మీగడ తీసి వియ్యంకుడి ముందు పెట్టింది. చిక్కటిది, ఊరెళ్లే ముందు నాలుగు రోజులు కూడబెట్టింది.

సాదిర్‌కుల్ ఆ గిన్నె చూసి లేచాడు. ఆమె వెనకాలే వంటింట్లోకి వెళ్లాడు. "ఇది ఉందని ఒక్క ముక్క చెప్పి వెళ్లకూడదటే?"

"చెబితే నువ్వు ఆవుని బతిమాలేవాడివా?" అంది బురుల్చా. ఆయన గడ్డం కింద రుమాలు ముడి ఆప్యాయంగా బిగించి, ఖాళీ బకెట్ చేతికిచ్చింది.