హారన్ మాస్టారి ఐదు వాక్యాలు

ఆ రోజు పొద్దున హారన్ మాస్టారు వేసుకున్న పథకంలో పెద్ద విశేషమేమీ లేదు. ఎనిమిదిన్నరకి కూతుర్ని బడిలో దింపాలి, తొమ్మిదింటికి డ్రైవింగ్ పరీక్ష మైదానంలో ఉండాలి. ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతారు. గొంతు హారన్ కంటే పెద్దదని తోటివాళ్ళు ఆ పేరు తగిలించారు. ఆ రోజు పరీక్షకి వెళ్ళేది సాక్షాత్తూ యజమాని అత్తగారు. ఆవిడ అప్పటికే మూడుసార్లు తప్పారు. అందులో ఆవిడ తప్పేమీ లేదు. పరీక్ష జరిగేటప్పుడు నేర్పినవాడు వెనక సీట్లో నోరు మూసుకుని కూర్చోవాలి. ఈయనగారు మూడుసార్లూ వెనకనుంచి "బ్రేక్, బ్రేక్" అని అరిచారు, అధికారి మూడుసార్లూ పరీక్ష రద్దు చేశాడు.

"ఈసారి నీ నోట్లోంచి ఒక్క మాటొచ్చినా రేపట్నుంచి రానక్కర్లేదు," అని యజమాని ముందురోజే తేల్చేశాడు. పదకొండేళ్ళ ఉద్యోగం ఒక్క అరుపు మీద ఆగి ఉంది.

భార్య నర్సు, ఆరింటికే డ్యూటీకి వెళ్ళిపోయింది. ఐదేళ్ళ కూతురు ఒక కాలికి సాక్సు వేసుకుని అద్దం ముందు నిలబడింది. బడివాళ్ళు కొత్తగా అంటగట్టిన తలనొప్పి అది. పిల్లలు రోజూ అద్దంలో చూసుకుంటూ తమ గురించి ఐదు మంచి మాటలు చెప్పుకోవాలట. ఇంట్లో పెద్దవాళ్ళొకరు కలిసి చెప్పాలట. పిల్ల చెప్పిందని పెద్దవాళ్ళు, పెద్దవాళ్ళు చెప్పారని పిల్ల డైరీలో సంతకం పెట్టాలట. ఎవరికి పుట్టిన బుద్ధో గానీ, రెండో సాక్సు దొరకని ఇంట్లో ఇదంతా ఎప్పుడు జరుగుతుందని ఆ మహానుభావులు ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే బాగుండేది.

"నాన్నా, నువ్వూ చెప్పు."

"ధైర్యంగా ఉంటాను, తొందరపడను, అయిపోయింది. బూట్లేసుకో."

"నాకు వినపడలేదు. మళ్ళీ చెప్పు."

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. "వినపడలేదా? నా గొంతు వీధి చివరిదాకా వినపడుతుంది. బూట్లేసుకుంటావా, లేదా?"

నిజంగానే వీధి చివరిదాకా వినపడింది. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా అద్దం దగ్గర్నుంచి కదల్లేదు. "కోపం వస్తే పది లెక్కపెడతాను. తప్పు చేసినా మళ్ళీ ప్రయత్నిస్తాను," అని గబగబా చెప్పి ఆగిపోయింది.

"ఐదోది ఉందిగా? మా ఇంట్లో అందరికీ నేనంటే ఇష్టం అని."

"ఇవాళ అది వద్దులే నాన్నా."

ఆ మాట ఆయనకి గుచ్చుకుంది. ఏం గుచ్చుకున్నా ఆయనకి వచ్చేది కోపమే. "బడిలో ఇచ్చిన ఆ నక్షత్రాల స్టిక్కర్లు కూడా తెచ్చుకో, మిగతాది కార్లో చెప్పుకుందువుగాని. అక్కడ మూడు అద్దాలున్నాయి," అని పిల్లని రెక్క పట్టుకుని బయల్దేరదీశారు.

ఈ రాద్ధాంతంలో ఏడు నిమిషాలు పోయాయి. బడి గేటు మూసేశారు. కాపలా మనిషితో మాస్టారు ఇంకో ఐదు నిమిషాలు పోట్లాడారు, అతను తాళంచెవి జేబులో వేసుకుని అటు తిరిగి నిలబడ్డాడు. చేసేదిలేక పిల్లని వెంటబెట్టుకునే మైదానానికి వెళ్ళారు.

అత్తగారు అప్పటికే వచ్చి కాచుకుని ఉన్నారు. ఆవిడ ముప్పై ఏళ్ళు లెక్కల పాఠాలు చెప్పిన మనిషి. స్టీరింగ్ ముందు ఆవిణ్ణి, వెనక పిల్లని కూర్చోబెట్టి, మాస్టారు కాగితాల మీద ముద్ర వేయించడానికి వెళ్ళారు. అక్కడి గుమాస్తాతోనూ గొడవే. తిరిగొచ్చేసరికి కారు అద్దాల మీద బడివాళ్ళిచ్చిన అరచెయ్యంతేసి నక్షత్రాల స్టిక్కర్లు మెరుస్తున్నాయి. లోపలి అద్దానికి రెండు, పక్క అద్దాలకి చెరొకటి. ఒక్కోదాని మీద ఒక్కో మంచి మాట.

"అద్దాల దగ్గర చెప్పుకోమన్నావుగా," అంది పిల్ల.

"నేనే సాయం చేశా. చదువుతుంటే భయం తగ్గిందయ్యా," అన్నారు అత్తగారు.

మాస్టారు గోటితో గీకారు. నక్షత్రం రాలేదు, గోరు విరిగింది. ఆయన నోరు తెరిచేలోపే అధికారి వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

"ఈ పిల్లెవరు?"

"మా అమ్మాయండీ. బడి గేటు మూసేశారు."

"అద్దాల మీద ఇవేంటి? వెనక ఏం కనిపిస్తోందమ్మా మీకు?"

"ఏమీ కనిపించట్లేదు. మెడ తిప్పి చూస్తాను," అన్నారు అత్తగారు. అధికారి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. అది తన ఉద్యోగానికి ముగింపు వాక్యమని మాస్టారికి అర్థమైపోయింది.

మాస్టారు వెనక పిల్ల పక్కన కూర్చోగానే కారు కదిలింది. అత్తగారు ప్రతి మలుపులోనూ మెడ తిప్పి చూస్తూ, "తొందరపడను, తొందరపడను," అని గొణుక్కుంటూ నడిపారు. కారు వెనక్కి పోనిచ్చేటప్పుడు మాత్రం వెనక చక్రం తిన్నగా గీత పక్కన పాతిన గుర్తుకర్ర మీదికి పోతోంది. మాస్టారి మెడ నరాలు ఉబ్బాయి. గొంతులోకి 'బ్రేక్' వచ్చేసింది. సరిగ్గా అప్పుడే చిన్న అరచెయ్యి ఆయన నోటికి అడ్డం పడింది.

"పది, నాన్నా," అంది పిల్ల ఆయన చెవిలో.

ఆయన పిల్ల రెండు చేతుల చిట్టి వేళ్ళూ ఒక్కొక్కటే ముడుస్తూ లెక్కపెట్టారు. ఆరు దగ్గర కారు ఆగింది. అత్తగారు వెనక్కి తిరిగి చూసుకున్నారు. ఎనిమిది దగ్గర ముందుకి వెళ్ళింది. పది అయ్యేసరికి గీతల మధ్య చక్కగా నిలబడింది. ఆవిడకి బ్రేక్ వెయ్యడం మొదట్నుంచీ వచ్చు.

"వెనక్కి తిరిగి చూసేవాళ్ళని ఈ ఏడాదిలో మిమ్మల్నొక్కరినే చూశానమ్మా. పాస్. ముందు ఆ అద్దాలు శుభ్రం చేయించండి," అని అధికారి దిగిపోయాడు.

పిల్ల జేబులోంచి ఐదో నక్షత్రం తీసింది. "నాన్నా, ఇప్పుడు ఇది అతికించనా?"

"అతికించమ్మా," అన్నారు మాస్టారు. ఆయన గొంతు అంత చిన్నగా రావడం అత్తగారు మొదటిసారి విన్నారు.

సాయంత్రం యజమాని పిలిపించాడు. "నీ ఉద్యోగానికేం ఢోకా లేదు. కానీ అత్తయ్యగారు ఒక షరతు పెట్టారు. రోజూ పాఠానికి ముందు కారు అద్దంలో చూసుకుని ఆ ఐదు వాక్యాలూ చెప్పాలి. డైరీలో ఆవిడ సంతకం ఉంటేనే తాళంచెవి ఇస్తాను."

మర్నాడు నడివీధిలో, నలుగురూ చూస్తుండగా, హారన్ మాస్టారు అద్దం ముందు వంగి, పళ్ళు నూరుకుంటూ ఐదు వాక్యాలూ చెప్పి డైరీ చాపారు. వినపడలేదని అత్తగారు సంతకం పెట్టలేదు.